కొలారి రాత్రి రైల్లో యుల్లాస్ స్కీ ప్రయాణం: తరచుగా అడిగే ప్రశ్నలు

హెల్సింకి, ఎస్పో, తాంపెరె పరిసరాల్లో ఉద్యోగాలు చేస్తున్న తెలుగు కుటుంబాలు చలికాలం మొదలవగానే ఫిన్లాండ్ ఉత్తరాన ఉన్న లాప్‌లాండ్‌కు, అక్కడి యుల్లాస్ స్కీ కొండకు ప్రయాణం గురించి అడిగే ప్రశ్నలను ఇక్కడ ఒకచోట చేర్చాం. ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడు వాళ్లనూ తీసుకెళ్లేవాళ్లు చాలామంది, అందుకని పెద్దవాళ్ల సంగతీ రాశాం. ఇక్కడ చలి కంటే తడి ప్రమాదం. కింద చెప్పే జాగ్రత్తల్లో సగానికి పైగా ఒంటినీ బట్టలనూ బూట్లనూ పొడిగా ఉంచుకోవడానికే.

రైలు ఎక్కడిదాకా వెళ్తుంది? అక్కడి నుంచి స్కీ వాలు ఎంత దూరం?

ఫిన్లాండ్‌లో ప్రయాణికుల రైళ్లకు ఉత్తరాన ఆఖరి స్టేషన్ కొలారి. హెల్సింకి నుంచి సుమారు వెయ్యి కిలోమీటర్లు. సాయంత్రం లేదా రాత్రి బయలుదేరే రైలు పాసిలా, టిక్కురిలా, తాంపెరె, సెయినాయోకి, ఔలు, కెమి, తోర్నియో, పెల్లో మీదుగా మర్నాడు పగలు చేరుతుంది. ఎస్పో వాళ్లు హెల్సింకి సెంట్రల్‌దాకా పోనక్కర్లేదు, పాసిలాలో ఎక్కితే సరిపోతుంది.

కొలారి నుంచి యుల్లాస్ కొండకు ఉత్తరపు వైపున్న ఆకాస్‌లొంపొలో ఊరు సుమారు 40 కిలోమీటర్లు. దక్షిణపు వైపు ఊరు యుల్లాస్‌యార్వి అంతకంటే దగ్గర. అక్కడి ఇంకో స్కీ కేంద్రం లెవికి వెళ్లాలంటే దాదాపు 80 కిలోమీటర్లు. రైలు వేళకు అందేలా బస్సులు స్టేషన్ పక్కనే నిలబడి ఉంటాయి. బస మొదట ఖాయం చేసుకుని, ఆ తర్వాతే బస్సు టికెట్ తీసుకోండి. యుల్లాస్‌యార్వి బస్సెక్కి ఆకాస్‌లొంపొలోలో గది వెతుక్కునేవాళ్లు ప్రతి ఏడాదీ ఉంటారు. రెండు ఊళ్లూ ఒకే కొండకు చెరో పక్కన ఉన్నాయి, మధ్యలో నడిచిపోయే దూరం కాదు.

యుల్లాస్ మంచిదా, లెవి మంచిదా?

సందడి, హోటళ్లు, సాయంత్రం తిరగడానికి బజారు కావాలంటే లెవి. అడవిలో స్కీ ట్రాకులు, ప్రశాంతత కావాలంటే యుల్లాస్. యుల్లాస్ శిఖరం 718 మీటర్లు. వాలులో ఎత్తు తేడా 463 మీటర్లు, ఫిన్లాండ్‌లో ఇంతకు మించింది లేదు. చుట్టూ దాదాపు 330 కిలోమీటర్ల క్రాస్‌కంట్రీ ట్రాకులున్నాయి (కొండ వాలు దిగడం కాకుండా దూరం సాగే స్కీయింగ్ దారులు), అందులో చాలా భాగం 2005లో ఏర్పడిన పల్లాస్–యుల్లాస్‌తుంతురి నేషనల్ పార్కు గుండా సాగుతాయి. మొదటిసారి స్కీలు కట్టేవాళ్లకు మేము యుల్లాసే చెబుతాం. చదునుగా ఉన్న ట్రాకుల్లో గంటా రెండు గంటలు నేర్చుకుంటే ఇంటిల్లిపాదీ కలిసి తిరగొచ్చు.

ఏ నెలలో వెళ్లాలి?

పిల్లలు, పెద్దవాళ్లు ఉంటే మార్చి. పగలు పొడుగు, మంచు నిండుగా ఉంటుంది, చలి చాలా రోజులు తట్టుకోగలిగినంతే. డిసెంబర్ రెండో వారం నుంచి కొత్త సంవత్సరం దాకా అక్కడ సూర్యుడు ఉదయించడు. మధ్యాహ్నం కొన్ని గంటలు నీలిరంగు సంధ్యవెలుగు ఉంటుంది, అంతే. ఆ వెలుగు చూడటానికి వెళ్లడం వేరు, స్కీయింగ్ నేర్చుకోవడానికి వెళ్లడం వేరు. జనవరి, ఫిబ్రవరి నెలల్లో మైనస్ 30 పడితే ఆశ్చర్యపోనక్కర్లేదు.

రద్దీ లెక్క ఇది: హెల్సింకి ప్రాంతం బడులకు చలికాలపు సెలవులు ఏడాదిలోని 8వ వారంలో వస్తాయి. మిగతా ప్రాంతాలకు 9, 10 వారాల్లో. ఈ మూడు వారాల స్లీపర్ క్యాబిన్లు అందరికంటే ముందు అయిపోతాయి. టికెట్లు అమ్మకానికి పెట్టిన రోజుల్లోనే కొనండి. అది కుదరకపోతే మార్చి మూడో వారం తర్వాత చూడండి.

క్యాబిన్ ఎలా ఎంచుకోవాలి?

రెండంతస్తుల స్లీపర్ బోగీల్లో ఒక్కో క్యాబిన్‌కు రెండు బెర్తులు, ఒకదానిపైన ఒకటి. పై అంతస్తు క్యాబిన్‌కు సొంత టాయిలెట్, షవర్ ఉంటాయి. కింది అంతస్తులో టాయిలెట్ అందరికీ ఉమ్మడి. ధర క్యాబిన్‌కు, మనిషికి కాదు. మెట్లు ఎక్కలేని పెద్దవాళ్లతో వెళ్తే కింది అంతస్తు తీసుకోండి. లోపలి మెట్లు ఇరుకు, పెట్టె పట్టుకుని ఎక్కడం కష్టం.

బోగీ లోపల వెచ్చగానే ఉంటుంది. థర్మల్స్ (ఒంటికి అంటుకునే వెచ్చటి లోబట్టలు) వేసుకుని పడుకోవద్దు, రాత్రంతా చెమట పట్టి పొద్దున్నకు అవి తడిసి ఉంటాయి. ఆ తడితోనే మైనస్ 25లో ప్లాట్‌ఫారం మీదికి దిగాల్సి వస్తుంది. మామూలు నైట్ డ్రెస్‌లో పడుకోండి. థర్మల్స్, ఉన్ని సాక్స్ పొడిగా ఒక కవర్లో పెట్టుకుని, పెల్లో దాటాక మార్చుకోండి. కొలారి చిన్న స్టేషన్. అక్కడ దిగాక తీరిగ్గా బట్టలు మార్చుకుందాం అనుకోకండి.

స్కీలు రైల్లో తీసుకెళ్లొచ్చా? అద్దెకు తీసుకోవాలా?

కవర్‌లో పెట్టి తీసుకెళ్లొచ్చు. రెండు కొనల దగ్గరా మధ్యలోనూ పట్టీతో బిగించండి, కవర్ లోపల ఒకదానికొకటి రాసుకుంటే అంచులు అడుగుభాగాన్ని గీరేస్తాయి. స్కీ బూట్లను మాత్రం పెద్ద పెట్టెలో వేసి బోగీ చివర సామాను గూట్లో వదలొద్దు. తలుపు తెరిచిన ప్రతిసారీ అక్కడ చల్లగాలి కొడుతుంది. బూట్లు క్యాబిన్‌లోనే ఉండాలి.

మొదటిసారి వెళ్లేవాళ్లు అద్దెకే తీసుకోండి. రెండు ఊళ్లలోనూ అద్దె దుకాణాలున్నాయి, మందపాటి థర్మల్ ఓవరాల్స్ కూడా అద్దెకు దొరుకుతాయి. హైదరాబాద్ మాల్‌లో కొన్న జాకెట్ శిమ్లాకు సరిపోతుందేమో గానీ మైనస్ 30కి కాదు. వారం రోజుల కోసం అమ్మానాన్నలకు కొత్త జాకెట్లు కొనడం కంటే ఓవరాల్ అద్దె తెలివైన పని.

రైలు ఆలస్యం అవుతుందా?

బాగా చలి పడ్డ రోజుల్లో అవుతుంది. పట్టాలు మారే చోట మంచు ఇరుక్కుంటుంది. బోగీల అడుగున, బ్రేకుల చుట్టూ మంచుగడ్డలు కడతాయి. మార్గంలో చాలా భాగం ఒకే లైను కాబట్టి ఎదురు రైలు ఆలస్యమైతే మీదీ ఆగాల్సిందే. తోర్నియో నుంచి కొలారి దాకా లైను ఇంకా విద్యుదీకరణ కాలేదు, డీజిల్ ఇంజినే లాగుతుంది. పైగా పట్టాల మీదికి రెయిన్‌డీర్లు, దుప్పిజాతి మూస్‌లు వస్తాయి. తీవ్రమైన చలిలో ఒకటి రెండు టాయిలెట్ల పైపులు గడ్డకట్టి మూసేయడం కూడా మామూలే.

అందుకని క్యాబిన్‌లో మనిషికి లీటరు మంచినీళ్లు, ఫ్లాస్కులో వేడినీళ్లు, ఒక పూటకు సరిపడా తిండి ఉంచుకోండి. చేరిన రోజు మధ్యాహ్నానికి స్కీ పాఠం బుక్ చేయొద్దు, మర్నాటికి పెట్టుకోండి.

కారును రైలెక్కించుకుని వెళ్తే?

పాసిలా లాంటి కొన్ని స్టేషన్ల నుంచి కారు రైలు ఉంది. పైన సామాను పెట్టె ఉంటే దానితో కలిపి ఎత్తు కొలిచి బుకింగ్‌లో రాయాలి. తప్పుగా రాస్తే ఎక్కించేచోట తిప్పి పంపుతారు. రాత్రంతా చలిగాలిలో ప్రయాణించిన కారు కొలారిలో దించేసరికి గడ్డకట్టినట్టే ఉంటుంది. బయలుదేరే ముందు తలుపుల రబ్బరు అంచులు పొడిగుడ్డతో తుడిచి సిలికాన్ పూయండి, లేకపోతే తలుపు అతుక్కుపోతుంది. అద్దం కడిగే ద్రవం మైనస్ 30 తట్టుకునేది పోయండి. బ్యాటరీ పాతదైతే ముందే మార్చుకోండి. బస దగ్గర ఇంజిన్ హీటర్‌కు ప్లగ్ ఉంటుంది. మైనస్ 20 దాటితే బయలుదేరడానికి మూడు గంటల ముందు పెట్టండి, రాత్రంతా పెట్టి ఉంచితే అదనపు లాభం లేదు. దారిలో రెయిన్‌డీర్‌ను గుద్దితే అత్యవసర నంబరు 112కు తప్పక చెప్పాలి. ప్రతి రెయిన్‌డీర్‌కూ యజమాని ఉంటాడు.

నిజంగా ఎంత చలి?

ఫిన్లాండ్‌లో నమోదైన అతి తక్కువ ఉష్ణోగ్రత మైనస్ 51.5. 1999 జనవరి 28న, లెవి ఉన్న కిత్తిలా మునిసిపాలిటీలోని పొక్కా గ్రామంలో. యుల్లాస్‌లో అంత పడటం అరుదు. కానీ మైనస్ 25, మైనస్ 30 మామూలు చలికాలంలో భాగమే.

గాలి లేని నిర్మలమైన రాత్రుల్లో బరువైన చల్లగాలి లోయలోకి దిగి నిలిచిపోతుంది. ఊళ్లో మైనస్ 30 ఉన్నప్పుడు కొండపైన మైనస్ 18 ఉండొచ్చు. అలాంటి రోజు ఊరి థర్మామీటర్ చూసి గదిలోనే కూర్చోకండి, కొండపైన ఎంతుందో కూడా చూడండి. గాలి వీచే రోజున లెక్క తిరగబడుతుంది. మైనస్ 25లో గంటకు 30 కిలోమీటర్ల గాలి వీస్తే చర్మానికి అది మైనస్ 39 లాగా తగులుతుంది, కప్పుకోని చర్మం పది పదిహేను నిమిషాల్లో గడ్డకట్టొచ్చు. వాలు మీద జారుతుంటే ఆ గాలిని మీరే పుట్టిస్తారు: గాలి కదలని మైనస్ 20లో 40 కిలోమీటర్ల వేగంతో దిగితే మొహానికి తగిలేది మైనస్ 34.

ఏ బట్టలు, ఎన్ని పొరలు?

ఒంటికి అంటుకునే పొర మెరీనో ఉన్ని. దానిమీద ఫ్లీస్ లేదా ఉన్ని స్వెటర్. పైన గాలి చొరబడని జాకెట్. లోపల కాటన్ బనియన్ వేసుకోవద్దు. కాటన్ చెమట పీల్చుకుంటుంది గానీ వదలదు, ఆగిన ఐదు నిమిషాల్లో చల్లబడి వీపుకు అతుక్కుంటుంది.

క్రాస్‌కంట్రీలో ఒళ్లు వేడెక్కుతుంది. మైనస్ 15లో కూడా ఒక ఉన్ని పొర, గాలి చొరబడని పలచని జాకెట్ చాలు. తలుపు దాటగానే కాస్త చలిగా అనిపిస్తేనే సరిగ్గా వేసుకున్నట్టు. వెచ్చగా అనిపిస్తే రెండు కిలోమీటర్లలో తడిసిపోతారు. బ్యాగులో మందపాటి డౌన్ జాకెట్ (పక్షి ఈకలు కూరినది) పెట్టుకుని, ఆగిన వెంటనే, చలి వేయకముందే తొడుక్కోండి. చలి వేశాక తొడుక్కుంటే ఆ జాకెట్ చల్లటి ఒంటినే కప్పుతుంది. వాలు మీద స్కీయింగ్ దీనికి వ్యతిరేకం. దిగడం కొన్ని నిమిషాలు, కొండపైకి తీసుకెళ్లే లిఫ్టులో కదలకుండా ఉండటం అంతకంటే ఎక్కువ. అక్కడ ఇంకో పొర అవసరం.

సాక్స్ ఒక్క జత, ఉన్నివి. రెండు జతలు వేస్తే బూటు బిగుతై రక్తం ఆడదు, కాళ్లు ఇంకా తొందరగా చల్లబడతాయి. ఈ తప్పు చేయని కొత్తవాళ్లు తక్కువ. చేతులకు వేళ్లన్నీ కలిసి ఉండే మిటెన్లు, లోపల పలచని గ్లవ్స్, అప్పుడు జిప్ లాగడానికి మిటెన్ తీసినా చేయి పూర్తిగా బయటపడదు. చేతులు వేడిచేసే ప్యాకెట్లను గదిలోనే తెరిచి, వేడెక్కాక మిటెన్లో వేయండి. వాటికి గాలి తగలాలి. బిగుతు బూట్లో పెడితే పనిచేయవు.

నగలు పెట్టుకోవచ్చా?

చెవికమ్మలు, ముక్కుపుడక, మెట్టెలు బయలుదేరేముందు తీసేయండి. లోహం చర్మంలోంచి వేడిని లాగేస్తుంది, చెవితమ్మె చాలా పలచన. మెట్టెలతో ఇంకో ఇబ్బంది ఉంది. స్కీ బూటు గట్టి ప్లాస్టిక్, వేలికీ బూటుకూ మధ్య ఆ తీగ నొక్కుకుని రక్తం అందదు. మధ్యాహ్నానికి కాలు కాస్త ఉబ్బుతుంది, అప్పుడు తీద్దామన్నా రావు. అమ్మవాళ్లు మెట్టెలు తీయడానికి ఒప్పుకోకపోతే అద్దె దుకాణంలో వెడల్పాటి క్రాస్‌కంట్రీ బూట్లు అడగండి, వాలు బూట్ల జోలికి పోకండి. మంగళసూత్రం థర్మల్ లోపల, ఒంటికి తగులుతూ ఉంటే ఇబ్బంది లేదు.

మొహానికి వాజలీన్ రాసుకుంటే చాలదా?

చాలదు. క్రీములు, జిడ్డు ఫ్రాస్ట్‌బైట్‌ను, అంటే చలికి చర్మం గడ్డకట్టడాన్ని, ఆపవు. ఫిన్లాండ్ సైనికుల మీద చేసిన పరిశీలనల్లో అవి రాసుకున్నవాళ్లకు ప్రమాదం తగ్గకపోగా పెరిగినట్టు తేలింది. రాసుకుంటే వెచ్చగా ఉన్నట్టు అనిపిస్తుంది, ఆ భ్రమలో మొహం కప్పుకోవడం మానేస్తారు. తల, మొహం కప్పే బలక్లావా టోపీ, మెడచుట్టూ గొట్టంలాంటి ఉన్ని స్కార్ఫ్, గాగుల్స్, ఇవే రక్షణ. శ్వాసకు తడిసే స్కార్ఫ్‌లు రెండు ఉంచుకుని మార్చుకుంటూ ఉండండి. పొద్దున్నే తలస్నానం చేసి తడిజుట్టుతో బయటికి రావొద్దు. స్నానం రాత్రికి మార్చుకోండి.

ఫ్రాస్ట్‌బైట్ మొదలైందని ఎలా తెలుస్తుంది? ఏం చేయాలి?

మొదట సూదులు గుచ్చినట్టు నొప్పి. తర్వాత ఆ నొప్పి పోతుంది, నిజమైన ప్రమాదం అప్పుడే మొదలవుతుంది. ముక్కుకొన, బుగ్గ, చెవి మీద రూపాయి బిళ్లంత తెల్లటి మచ్చ, ముట్టుకుంటే మైనంలా గట్టిగా ఉంటుంది. మన చామనఛాయ చర్మం మీద అది తెల్లగా కాక బూడిదరంగులో, పసుపుపచ్చగా కనపడొచ్చు. ఎవరి మొహం వాళ్లకు కనిపించదు కాబట్టి ఇద్దరిద్దరు జతగా ఉండి, ప్రతి పదిహేను నిమిషాలకూ ఒకరి మొహం ఒకరు చూసుకోవాలి.

మచ్చ కనపడితే వెంటనే గాలికి వీపు తిప్పి, వెచ్చటి అరచేయి దానిమీద ఆనించి పట్టుకోండి. రుద్దొద్దు. మంచుతో రుద్దడం పాత అపోహ, చర్మం చిరిగిపోతుంది. వేళ్లయితే చంకలో పెట్టుకోండి. గదికి చేరాక 37 నుంచి 39 డిగ్రీల నీళ్లలో ముంచండి. పొయ్యి దగ్గర, సౌనా (ఆవిరిస్నానం గది) రాళ్ల దగ్గర కాచొద్దు. స్పర్శ లేని చర్మానికి కాలినా తెలియదు. మళ్లీ గడ్డకట్టే అవకాశం ఉంటే అసలు కరిగించకూడదు, నేరుగా వైద్యం దగ్గరికి వెళ్లాలి. బొబ్బలు వచ్చినా, అరగంటలో స్పర్శ తిరిగి రాకపోయినా 112కు ఫోన్ చేయండి. ‘112 సుఓమి’ యాప్ ముందే వేసుకుంటే మీరున్న చోటు వాళ్లకు తెలుస్తుంది. అడవి ట్రాకులో ఇది ప్రాణం కాపాడే విషయం.

స్కీలు జారడం లేదు, ఇసుకలో నడిచినట్టుంది. ఎందుకు?

స్కీ కింద రాపిడికి మంచు కాస్త కరిగి ఏర్పడే పలచని నీటిపొర మీదనే జారుడు ఆధారపడుతుంది. మైనస్ 20 కింద ఆ పొర సరిగ్గా ఏర్పడదు, పైగా మంచు స్ఫటికాల కొనలు గట్టిగా, పదునుగా ఉండి స్కీ అడుగును గుచ్చుతాయి. మెత్తటి మైనం వేసిన స్కీ అప్పుడు కదలదు. అతి చలికి తయారుచేసిన గట్టి గ్లైడ్ (జారుడు) మైనం ఇస్త్రీతో పట్టించి, చల్లారాక గీకి, బ్రష్ కొట్టాలి. స్కీ వెనక్కి జారకుండా పట్టుకోసం వేసే మైనాల్లో చలికి ఆకుపచ్చ, ఇంకా చలికి ‘పోలార్’. ఇదంతా కొత్తవాళ్లకు తలనొప్పి, అడుగున బొచ్చుపట్టీ ఉండే స్కీలు అద్దెకు అడగండి. మైనస్ 20లో ఎంత మంచి స్కీ అయినా నెమ్మదిగానే పోతుంది. మామూలుగా 15 కిలోమీటర్లు వెళ్లేవాళ్లు ఆ రోజు 8 కిలోమీటర్ల దారి ఎంచుకోండి.

చలి ఎక్కువైతే లిఫ్టులు ఆపేస్తారా?

ఆపొచ్చు. ముఖ్యంగా గాలి తోడైతే. పొద్దున్నే స్కీ సెంటర్ పేజీ చూసి వెళ్లండి. మీ హద్దు మీరే పెట్టుకోవాలంటే ఒక కొలత ఉంది: అంతర్జాతీయ క్రాస్‌కంట్రీ పోటీలను ట్రాకులో అతి చల్లటి చోట మైనస్ 20 కంటే తక్కువ ఉంటే జరపరు. శిక్షణ పొందినవాళ్లకే ఆ హద్దు ఉన్నప్పుడు మనం ఆ చలిలో గసపెట్టేంత వేగంగా పోకూడదు. ఉబ్బసం ఉన్నవాళ్లకు ఇది మరీ ముఖ్యం. ఇన్హేలర్ లోపలి జేబులో ఉండాలి.

ట్రాకు మీద పాటించాల్సినవి?

కుడివైపు వెళ్లాలి. స్కీల కోసం చెక్కిన గాడుల మీద బూట్లతో నడవకూడదు, ఒక్క అడుగు గుంట గడ్డకట్టి రోజంతా అందరినీ పడేస్తుంది. ఆగాలంటే ట్రాకు పక్కకు తప్పుకోండి.

పిల్లలు, షుగర్ ఉన్న పెద్దవాళ్లు?

పుల్కాలో, అంటే లాగే చిన్న స్లెడ్జిలో, కూర్చున్న పాపాయి కదలదు, వేడి పుట్టదు. లాగే నాన్నకు చెమట పడుతుంటుంది కాబట్టి పాపకు చలి వేస్తోందని తట్టదు. మైనస్ 10 దాటితే ప్రయాణం చిన్నదిగా ఉంచండి. మైనస్ 15 దాటితే పసిపిల్లలను తీసుకెళ్లొద్దు. చేయి వెనక నుంచి పోనిచ్చి మెడ కింద తాకి చూడండి, వెచ్చగా పొడిగా ఉండాలి.

ఇన్సులిన్ గడ్డకడితే పనికిరాదు. కరిగాక చూడటానికి మామూలుగానే ఉన్నా పారేయాల్సిందే. పెన్‌ను థర్మల్‌కూ స్వెటర్‌కూ మధ్య పెట్టుకోండి. గ్లూకోమీటర్ చలిలో పనిచేయదు, గుడిసెలోకి వెళ్లి వెచ్చబడ్డాకే పరీక్ష చేయాలి. ఇండియా నుంచి వచ్చేవాళ్ల షెంగెన్ బీమాలో స్కీయింగ్ గాయాలు ఉన్నాయో లేదో పాలసీ చదివి చూడండి. వీసాకు కావలసిన 30,000 యూరోల కనీస పాలసీల్లో చాలాసార్లు ఆటల గాయాలను మినహాయిస్తారు.

ఫోన్, కళ్లద్దాలు?

ఫోన్ లోపలి జేబులో, ఒంటికి దగ్గరగా ఉండాలి. బయట జేబులో ఉంటే బ్యాటరీ 60 శాతం చూపిస్తూనే ఆరిపోతుంది. కెమెరాను గదిలోకి తెచ్చేముందు, బయటే జిప్ కవర్లో మూసేయండి. తేమ కవర్ మీద పడుతుంది, లెన్స్ లోపల పట్టదు. గంట తర్వాత తెరవండి. కళ్లద్దాలు మంచు పట్టిపోతాయి, కాంటాక్ట్ లెన్సులు అలవాటు ఉంటే అవే మేలు.

శాకాహారులకు తిండి?

కాటేజీల్లో వంటగది ఉంటుంది, ఆకాస్‌లొంపొలోలో ‘యోఉనిన్ కౌప్పా’ అనే పెద్ద కిరాణా దుకాణం ఉంది. బియ్యం, కూరగాయలు, పెరుగు దొరుకుతాయి. పప్పు, చింతపండు, కారప్పొడి హెల్సింకి నుంచే తెచ్చుకోండి. ఇండియా నుంచి వచ్చేవాళ్లు నెయ్యి, పాలకోవా తేకూడదు. పాల పదార్థాలకు ఈయూలో ప్రవేశం లేదు. ట్రాకు మీదికి ఉప్మా డబ్బా తీసుకెళ్తే గడ్డకడుతుంది. జీడిపప్పు, ఖర్జూరం, పల్లీ చిక్కీ, ఫ్లాస్కులో రసం తీసుకెళ్లండి. చిక్కీని చిన్న ముక్కలు చేసి లోపలి జేబులో వేసుకోండి, మైనస్ 20లో అది పళ్లకు పరీక్ష. నీళ్ల సీసాను తలకిందులుగా పెట్టుకోండి. మంచు ముందు పైభాగంలో కడుతుంది, మూత దగ్గర నీళ్లు మిగులుతాయి.

కాటేజీలో ఏం చూసుకోవాలి?

బట్టలు, బూట్లు ఆరబెట్టే అల్మరా ఉందో లేదో బుకింగ్ అప్పుడే అడగండి. ఇది సౌనా కంటే ముఖ్యం. సాయంత్రం రాగానే బూట్ల లోపలి మెత్తను బయటికి లాగి ఆ అల్మరాలో పెట్టాలి. ప్లాస్టిక్ బూటును వరండాలో వదిలితే పొద్దున్నకు రాయిలా బిగుసుకుని కాలు దూరదు, బలవంతంగా లాగితే బకిల్ విరుగుతుంది.

కట్టెల పొయ్యి వెలిగిస్తే, నిప్పుల్లో నీలిమంట పూర్తిగా ఆరేదాకా పొగగొట్టం తలుపు మూయొద్దు. వేడి బయటికి పోతుందని తొందరపడి మూస్తే వాసన, రంగు లేని కార్బన్ మోనాక్సైడ్ గది నిండుతుంది, నిద్రలోనే ప్రాణం పోతుంది.

తిరుగు ప్రయాణానికి ఎలా సర్దుకోవాలి?

చాలా కాటేజీల్లో పొద్దున్నే ఖాళీ చేయాలి, రైలు సాయంత్రం. చివరి రోజు స్కీయింగ్ చేస్తే ఆరబెట్టుకునే చోటు ఉండదు. ఒక పొడి జత థర్మల్స్, సాక్స్ విడిగా దాచి, స్కీ సెంటర్‌లోనే మార్చుకుని బస్సెక్కండి. తడిబట్టలు ఒక ప్లాస్టిక్ సంచిలో వేసి, స్కీల లోహపు అంచులను పొడిగుడ్డతో తుడవండి. వెచ్చటి బోగీలో మంచు కరిగి, కవర్ లోపల నీళ్లు నిలిచి, హెల్సింకి చేరేసరికి అంచులు తుప్పు పడతాయి. ఇంటికి రాగానే కవర్ విప్పి స్కీలను ఒక రాత్రి గోడకు నిలబెట్టండి.